గోడలోని తీగ, బీరువాలోని పాలసీ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరారు. పెన్షను సవరణల గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ నాకంటే బాగా రాయగల మిత్రులు మన సంఘంలో ఉన్నారు. నేను 1970లో విద్యుచ్ఛక్తి బోర్డులో జూనియర్ ఇంజనీరుగా చేరి 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఎన్నో వందల ఇళ్ళ మీటరు బోర్డులు చూశాను. కనుక నాకు తెలిసిన విషయమే రాస్తున్నాను.

మనలో చాలామందికి ఆస్తి అంటే ఇల్లు ఒక్కటే. జీతంలో కోతలు పెట్టించుకొని, పి.ఎఫ్. నుంచి అడ్వాన్సు తీసుకొని, ఇంటావిడ నగలు తాకట్టు పెట్టి కట్టుకున్నది. ఆ ఇంటి గోడల్లో ఉన్న కరెంటు తీగకు ఒక చరిత్ర ఉంది. ఆ ఇంటి మీద ఒకప్పుడు మనం తీసుకున్న బీమా పాలసీకి మరొక చరిత్ర ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తీగ కొత్తగా ఉన్నన్నాళ్ళూ పాలసీ ఉంది. తీగ పాతబడే వేళకు పాలసీ లేకుండా పోయింది. ఈ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

కరెంటు వచ్చిన తొలిరోజులు

మన దేశంలో విద్యుత్ సరఫరాకు పునాది వేసిన చట్టం 1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టం. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో నిజాం ప్రభుత్వం థర్మల్ స్టేషన్ నెలకొల్పింది. ఆ స్టేషన్ తరువాతి కాలంలో మూతపడింది, కట్టడాన్ని కూల్చివేశారు. ఇటు మద్రాసు రాష్ట్రంలో 1927లో ప్రభుత్వ విద్యుత్ శాఖ ఏర్పడింది. చాలా పట్టణాల్లో లైసెన్సు పొందిన ప్రైవేటు కంపెనీలే కరెంటు ఇచ్చేవి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడిన తరువాత కరెంటు పట్టణాలు దాటి పల్లెల దాకా పోయింది.

ఆ రోజుల్లో కరెంటు అంటే దీపమే. వసారాలో ఒకటి, నడవలో ఒకటి, వంటింట్లో ఒకటి, మహా అయితే హాల్లో ఒక ఫ్యాను. వైరింగు చేసిన మనిషి లెక్క వేసింది ఆ దీపాలకే గాని రాబోయే యాభై ఏళ్ళకు కాదు.

వైరింగులో నాలుగు తరాలు

మొదటి తరం చెక్క కేసింగు. రెండు గాళ్ళు తీసిన చెక్కపట్టీ, దాని మీద చెక్క మూత. ఒక గాడిలో ఫేజు, రెండో గాడిలో న్యూట్రలు. తీగకు రబ్బరు తొడుగు, దానిపైన నూలు అల్లిక. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. గంధకం రాగిని తినేస్తుంది. అందుకని ఆ కాలంలో రాగి తీగకు తగరం పూత వేసేవారు. మీ పాత ఇంట్లో తీగ గీస్తే వెండిలా తెల్లగా కనిపించి లోపల ఎర్రగా ఉంటే అది ఆ తరానిదే. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి, బీటలు వారి, ముట్టుకుంటే పొడిగా రాలిపోతుంది.

రెండో తరం టేకు బ్యాటెన్ వైరింగు. గోడ మీద సన్నని టేకు పట్టీ, దానికి రేకు క్లిప్పులు, ఆ క్లిప్పుల్లో వరసగా తీగలు. చూడడానికి అందంగా ఉండకపోవచ్చు. కాని ఒక గొప్ప సుగుణం ఉంది. తీగ ఎక్కడ నల్లబడినా, ఎక్కడ ఎలుక కొరికినా, చెక్కకు ఎక్కడ చెద పట్టినా కంటికి కనిపిస్తుంది. మనలో చాలామంది ఇళ్ళు ఈ తరానివే.

మూడో తరం అల్యూమినియం. రాగిని మనం ఎక్కువగా విదేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చేది. విదేశీ మారకద్రవ్యం కొరత తీవ్రంగా ఉన్న 1960లలో, 70లలో మన దేశంలో దొరికే అల్యూమినియం ఇళ్ళ వైరింగులోకి విరివిగా వచ్చింది. పైన రబ్బరుకు బదులు పి.వి.సి. తొడుగు వచ్చింది. ఈ తొడుగు మంచిదే. చిక్కంతా లోపలి లోహంతో. అల్యూమినియం మెత్తన. స్క్రూ కింద బిగిస్తే కాలక్రమంలో నలిగి వదులవుతుంది. వేడికి రాగికంటే ఎక్కువ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. గాలి తగిలితే పైన ఒక పొర ఏర్పడి కరెంటుకు అడ్డుపడుతుంది. ఈ మూడూ కలిస్తే అతుకు దగ్గర వేడి పుడుతుంది. తరువాత ఏ రిపేరులోనో దానికి రాగి తీగను మెలిపెట్టి టేపు చుడితే, చెమ్మ తగిలి ఆ అతుకు ఇంకా త్వరగా చెడిపోతుంది.

నాలుగో తరం గోడలో, స్లాబులో దాచిన పైపు వైరింగు. రాగి మళ్ళీ వచ్చింది. గోడ శుభ్రంగా కనిపిస్తుంది. కాని తీగ పరిస్థితి ఇక కళ్ళకు కనిపించదు. పైకి కొత్త స్విచ్చి బోర్డులు, లోపల పాత అల్యూమినియం తీగ ఉన్న ఇళ్ళు నేను ఎన్నో చూశాను.

ఇల్లు అదే, లోడు వేరు

ఒక చిన్న లెక్క వేద్దాం. 1970 నాటి మధ్యతరగతి ఇంట్లో 60 వాట్ల బల్బులు ఆరు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు అనుకుందాం. అన్నీ ఒకేసారి వేసినా 510 వాట్లు. 230 వోల్టుల మీద దాదాపు 2.2 ఆంపియర్లు. అప్పటి వైరింగు మేస్త్రీలు ‘త్రీ బై ట్వంటీ టూ’ అనే తీగకు అది ఏమాత్రం భారం కాదు. 22వ నంబరు గేజీ పోగులు మూడు కలిపి పేనిన తీగ అది. ఇప్పటి కొలతలో సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు.

అదే ఇంట్లో ఇప్పుడు ఏముంది? 2,000 వాట్ల గీజరు ఒక్కటే 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. టన్నున్నర ఏ.సి. మరో ఏడెనిమిది ఆంపియర్లు. ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మిక్సీ ఉండనే ఉన్నాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు, మూడింతలయితే వేడి తొమ్మిదింతలు. మామూలు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకోవడానికి తయారయినది. మనవళ్ళు వేసవి సెలవులకు వచ్చి రెండు గదుల్లో ఏ.సి.లు వేసిన రాత్రి గోడలో ఏం జరుగుతోందో మనకు తెలియదు.

పాత పింగాణీ ఫ్యూజు మంచి కాపలాదారే. అయితే ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఏ ఫ్లెక్సిబుల్ తీగలోంచో రాగి పోగులు రెండు మూడు తీసి చుట్టడం మనవారికి అలవాటు. దానితో కాపలాదారుకు మత్తుమందు ఇచ్చినట్లవుతుంది. ఇప్పుడు ఎమ్.సి.బి.లు వచ్చినా అదే పని వేరే రూపంలో జరుగుతోంది. 16 ఆంపియర్లది పడిపోతోందని సన్న తీగ మీద 32 ఆంపియర్లది పెట్టి పోతారు.

ఎర్తు సంగతి మరీ ముఖ్యం. చాలా పాత ఇళ్ళలో ఎర్తు తీగను ఇనుప నీళ్ళ పైపుకు కట్టేవారు. పదేళ్ళ తరువాత ఆ పైపు తుప్పుపట్టి, దాని బదులు ప్లాస్టిక్ పైపు వేశారు. ఆ రోజుతో ఎర్తు పోయింది. ఇంట్లో ఎవరికీ ఆ విషయం తెలియదు.

అంతా షార్ట్ సర్క్యూట్ పుణ్యమేనా?

అగ్ని ప్రమాదం జరిగితే మరునాడు పేపర్లో షార్ట్ సర్క్యూటే కారణమని వస్తుంది. నిజానికి నేను చూసిన వాటిలో చాలావాటికి మూలం వదులు అతుకు, లేదా ఎక్కువ లోడుతో ఏళ్ళ తరబడి వేగిపోయిన తొడుగు. షార్ట్ అనేది చివరి ఘట్టం. సరైన ఫ్యూజు ఉంటే షార్టుకు వెంటనే పోతుంది. కాని వదులు అతుకు దగ్గర కరెంటు మామూలుగానే ఉంటుంది గనుక ఫ్యూజూ పోదు, ఎమ్.సి.బి.యీ పడదు. వేడి మాత్రం పెరుగుతూ ఉంటుంది. స్విచ్చి బోర్డు గోరువెచ్చగా తగలడం, లైటు మిణుకుమిణుకుమనడం, కాలిన వాసన, ప్లగ్గు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక. ఇవే ముందస్తు నోటీసులు.

నిబంధనలు లేక కాదు. ప్రతి వినియోగదారుడి వైరింగును అయిదేళ్ళకు మించకుండా ఒకసారి పరీక్షించాలని 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమాల్లోనే ఉంది. లక్షల సర్వీసులు, కొద్దిమంది సిబ్బంది. నేను పనిచేసిన చోట్ల ఇళ్ళ దాకా ఆ పరీక్ష రావడం అరుదు. ఎర్తు లీకేజీని పట్టి సరఫరా ఆపే పరికరం తప్పనిసరి అని 2010 భద్రతా నిబంధనల్లో ఉన్నా, అప్పట్లో 5 కిలోవాట్ల లోపు ఇళ్ళకు మినహాయింపు ఇచ్చారు. అంటే మనవంటి వారి ఇళ్ళే ఎక్కువగా తప్పిపోయాయి.

బీమా కథ

అగ్ని బీమాకు పుట్టినిల్లు లండన్. 1666లో ఆ నగరం నాలుగు రోజులపాటు తగలబడింది. ఆ తరువాత కొన్నేళ్ళకే ఇళ్ళకు అగ్ని బీమా మొదలయింది. ఇటుక ఇంటికంటే కలప ఇంటికి ప్రీమియం రెట్టింపు. ఇల్లు దేనితో కట్టారన్నది బీమావారు అడిగిన మొదటి ప్రశ్న. మన దేశంలో కూడా చాలాకాలం పెంకుటిల్లా, తాటాకు కప్పా, పక్కా డాబానా అన్న ప్రశ్నే నడిచింది. గోడలో ఏ తీగ ఉందని నేను చూసిన దరఖాస్తు ఫారాల్లో అడిగినట్లు గుర్తు లేదు.

మన దేశంలో సాధారణ బీమా 1850లో కలకత్తాలో మొదలయింది. 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలను కలిపి నాలుగు ప్రభుత్వ సంస్థలుగా చేశారు. మనవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే. గృహ నిర్మాణ అడ్వాన్సు నిబంధనల్లో ఒక షరతు ఉండేది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే అది స్పష్టంగా రాసి ఉంది. ఇల్లు పూర్తికాగానే అగ్ని, వరద, పిడుగు నష్టాలకు అడ్వాన్సుకు తక్కువ కాని మొత్తానికి బీమా చేయాలి, అప్పు పూర్తిగా తీరేవరకు కొనసాగించాలి. అసలు 180 వాయిదాల్లో, వడ్డీ 60 వాయిదాల్లో, మొత్తం ఇరవై ఏళ్ళు. అప్పిచ్చిన ఇతర సంస్థలూ ఇదే కోరేవి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, బీమా మొత్తం ఇంటి విలువను బట్టి కాక అప్పును బట్టి నిర్ణయమయింది. రెండోది, అప్పు తీరగానే మనలో నూటికి తొంభై మంది పాలసీ మానేశాం. 1975లో కట్టిన ఇంటికి 1995లో అప్పు తీరింది. తీగకు ఇరవై ఏళ్ళు నిండాయి. ఇంట్లోకి గీజరు, ఏ.సి. రావడం మొదలయింది. సరిగ్గా అప్పుడే పాలసీ ఆగింది.

నేను ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తుండగా పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుల వారి ఇంట్లో రాత్రివేళ మంటలు లేచాయి. ప్రాణనష్టం జరగలేదు. కాని రెండు గదుల దూలాలు, పుస్తకాల బీరువా, కూతురి పెళ్ళికి కొన్న బట్టలు బూడిదయ్యాయి. మరునాడు నేను మీటరు చూడడానికి వెళితే, “ఇంజనీరు గారూ, పద్ధెనిమిదేళ్ళు ప్రీమియం కట్టాను. అప్పు తీరి దస్తావేజులు చేతికొచ్చాయి గదా, ఇంకా బీమా దేనికని మొన్న మొన్ననే మానేశాను” అన్నారు. “మాస్టారూ, పదండి, ముందు ఆ మిగిలిన సర్క్యూటు విప్పి చూద్దాం” అనడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. పాలసీ అప్పు ఇచ్చినవాడి కోసం అనుకున్నారాయన. మనలో చాలామంది అలాగే అనుకున్నారు.

పాలసీలో కరెంటు ప్రస్తావన

పాత అగ్ని బీమా పాలసీలో కరెంటు గురించి ఒక మినహాయింపు ఉండేది. ఇప్పటి పాలసీల్లోనూ ఉంది. షార్ట్ సర్క్యూట్, అధిక లోడు, వేడెక్కడం, లీకేజీ వల్ల ఏ విద్యుత్ పరికరం లేదా ఫిట్టింగు చెడిందో దానికి మాత్రం పరిహారం రాదు. దాని నుంచి మంట లేచి మిగతావి కాలితే వాటికి వస్తుంది. ఉదాహరణకు స్విచ్చి బోర్డు మాత్రమే మాడిపోతే ఏమీ రాదు. ఆ మంట అంటుకొని తలుపు, పరదాలు, మంచం కాలితే వాటికి వస్తుంది, బోర్డుకు రాదు. ఇకపోతే పాత తీగ అరుగుదలకు, దాన్ని మార్చే ఖర్చుకు ఏ పాలసీ డబ్బు ఇవ్వదు. ఆ పని మనదే.

పాత పాలసీలో మరొక మెలిక ‘సగటు’ నియమం. తిరిగి కట్టడానికి 10 లక్షలయ్యే ఇంటికి 2 లక్షలకే బీమా ఉంటే, లక్ష రూపాయల నష్టానికి వచ్చేది 20 వేలే. అప్పును బట్టి బీమా చేసినవారికి ఇదే గతి.

2007 జనవరి 1న అగ్ని బీమా రేట్లకు టారిఫ్ కట్టుబాటు తొలగింది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో ఇళ్ళకు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా పాలసీ వచ్చింది. ఇందులో అగ్నితోపాటు తుఫాను, వరద, భూకంపం, పిడుగు కూడా ఉన్నాయి. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్ చూసిన మనకు ఇది చిన్న విషయం కాదు. బీమా మొత్తాన్ని ఇంటి కార్పెట్ విస్తీర్ణం, కట్టుబడి ఖర్చు గుణించి నిర్ణయిస్తారు. స్థలం విలువ కలపరు. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఇంటికి చదరపు అడుగు కట్టుబడి 2,000 రూపాయలనుకుంటే 20 లక్షలు. ఇంట్లోని సామానుకు అందులో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, దానంతట అదే వర్తిస్తుంది. అంటే ఈ లెక్కలో 4 లక్షలు. పాత సగటు నియమాన్ని ఇందులో తొలగించారు. పదేళ్ళ వరకు ఒకేసారి తీసుకోవచ్చు. నగలవంటి విలువైన వాటికి వేరుగా అడిగి చేర్పించుకోవాలి.

అమెరికాలో పిల్లల అనుభవం

మనలో అనేకుల పిల్లలు అమెరికాలో పాత ఇళ్ళు కొంటున్నారు. అక్కడ ఇంటి అప్పు కావాలంటే బీమా ఉండాలి. బీమా కావాలంటే చాలాచోట్ల వైరింగు గురించి జవాబు చెప్పాలి. 1940ల దాకా అక్కడ పింగాణీ గుబ్బల మీద, గొట్టాల గుండా తీగలు లాగిన ‘నాబ్ అండ్ ట్యూబ్’ పద్ధతి ఉండేది. అటువంటి ఇంటికి బీమా ఇవ్వని కంపెనీలు, వైరింగు మార్చాకే ఇస్తామనే కంపెనీలు ఎన్నో. ఫ్లోరిడాలో పాత ఇళ్ళకు పైకప్పు, వైరింగు, నీటి గొట్టాలు, ఏ.సి. నాలుగింటినీ తనిఖీ చేయించి నివేదిక ఇమ్మంటారు. అల్యూమినియం కథ అక్కడా ఉంది. 1972కు ముందు తయారైన అల్యూమినియం తీగ ఉన్న ఇళ్ళలో అతుకులు ప్రమాద స్థాయికి వేడెక్కే అవకాశం రాగి తీగ ఉన్న ఇళ్ళకంటే 55 రెట్లు ఎక్కువని ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం తేల్చింది. అక్కడ ఆ ప్రశ్న బీమా కంపెనీ అడుగుతుంది. ఇక్కడ మనకు మనమే అడుగుకోవాలి.

చేయదగిన పనులు

1. ఇల్లు పాతికేళ్ళు దాటితే లైసెన్సు ఉన్న వైరింగు కాంట్రాక్టరు చేత మెగ్గరుతో తీగల పరీక్ష, ఎర్తు పరీక్ష చేయించండి. ఫలితం రాయించి, సంతకం, తేదీ పెట్టించుకోండి.

2. అంతా ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే ముందు గీజరు, ఏ.సి., వంటింటి లైన్లు మార్చండి. సాధారణంగా దీపాలకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏ.సి., గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడతారు. వాటికి మెయిన్ నుంచి విడి లైన్లు వేయించండి.

3. ఎమ్.సి.బి. సైజు తీగను బట్టి ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక పెట్టించండి. అది షాకు నుంచి కాపాడుతుంది. వదులు అతుకును మాత్రం అది పట్టలేదు.

4. పాత బోర్డుల్లో న్యూట్రలుకు కూడా విడి ఫ్యూజు ఉంటే తీయించండి. అది పోయినప్పుడు దీపం ఆరుతుంది గాని తీగలో కరెంటు ఉండనే ఉంటుంది.

5. ఎర్తు గొయ్యికి ఎండాకాలంలో నీళ్ళు పోయండి. వరద నీరు ఇంట్లోకి వచ్చి పోతే, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపులో విజయవాడ ఇళ్ళకు జరిగినట్లు, పరీక్ష చేయించకుండా మెయిన్ వేయవద్దు.

6. బీమా దరఖాస్తులో ఇంటి వయసు, వాడకం నిజంగా రాయండి. ఒక వాటా దుకాణానికి అద్దెకిచ్చి ఉంటే ఆ మాట చెప్పండి. ప్రీమియం ముట్టిన తరువాతే బీమా మొదలవుతుందని గుర్తుంచుకోండి.

7. పాలసీ, పరీక్ష కాగితం, తీగల కొనుగోలు బిల్లులు, గదుల ఫోటోలు ఒక కవరులో పెట్టి, నకళ్ళు పిల్లల దగ్గర ఉంచండి. నష్టం జరిగితే సర్వేయరు వచ్చేలోగా కాలిన వాటిని పారేయకండి.

చివరగా ఒక మనవి. నామినేషన్లు, జీవన ప్రమాణ పత్రం, కుటుంబ పెన్షను కాగితాలు మనం ఎంతో జాగ్రత్తగా చూసుకుంటాం. ఇంటి విషయంలో మాత్రం అప్పు తీరిన రోజుతో బాధ్యత తీరిందనుకున్నాం. అప్పు తీరిన ఇల్లే పూర్తిగా మనది. దానికి నష్టం వస్తే పంచుకునేవారు లేరు. రేపు మన తరువాత ఆ ఇంట్లో ఉండబోయేది మన ఇంటావిడో, మన పిల్లలో. ఈ నెల పెన్షను తెచ్చుకున్నాక మీటరు బోర్డు మూత ఒకసారి తీయించి చూడండి. బీరువాలో ఉన్న పాలసీ మీద తేదీ కూడా ఒకసారి చదవండి.